గేరు లేని చిన్న బండి

దేవతలకు వాహనములు నియతములు. ఈశ్వరునకు ఎద్దు, విష్ణువునకు గరుత్మంతుడు, ఇంద్రునకు ఏనుగు. వీరందరిలోను నగరవాసమునకు తగిన బండిని ఎన్నుకొన్నవాడు విఘ్నేశ్వరు డొక్కడే. దేహ మెంత పెద్దదైనను వాహనము మాత్రము ఎలుక. ఇరుకు సందులలో దూరును, కొంచెము తావున్న చాలును, నిలుచును, మేత స్వల్పము. నెమలి నెక్కి లోకమంతయు చుట్టివచ్చిన తమ్మునికి గాక, తల్లిదండ్రుల చుట్టు ప్రదక్షిణము చేసిన అన్నకే గెలుపు దక్కిన కథ మన పిల్లలందరు నెరిగినదే. సాయంకాలము ఆరు గంటల వేళ ఉప్పల్ చౌరస్తాలో చిక్కుకొన్నవానికి ఆ కథ మరికొంత బోధపడును.

స్టేషన్ ఘన్‌పూరులో కూర్చుండి నగరపు కారును గూర్చి వ్రాయుట యేమని కొందరు నవ్వవచ్చును. మా ఊరి పేరులోనే రైలున్నది. 1886 నాటికి సికిందరాబాదునుండి ఓరుగల్లు వరకు పడిన రైలుదారి మీది ఊరిది. 1932లో నైజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ నారంభించిన తరువాత క్రమముగా బస్సులును వచ్చినవి. ఈనాడు 163వ జాతీయ రహదారి నాలుగు వరుసలుగా హైదరాబాదును మాకు మరింత దగ్గర చేసినది. దాని ఫలముగా మా యిండ్లు రెండేసి ముక్కలైనవి. పొలమును, వృద్ధులును ఇక్కడ. ఉద్యోగమును, పిల్లల చదువును ఉప్పల్, బోడుప్పల్, నారపల్లి ప్రాంతములలో. సోమవారము వేకువనే పోవుట, శనివారము చీకటిపడి వచ్చుట. నగరములో తిరుగుటకు పనికివచ్చి, వారమున కొకసారి జనగామ, ఆలేరు, భువనగిరి దాటి ఇల్లు చేర్చగల బండి యేది యన్నది మా పట్టణమున నేడు పెండ్లి సంబంధమంత ముఖ్యమైన ప్రశ్న.

ఆ ప్రశ్న మా కళాశాలలో వృక్షశాస్త్రము బోధించు సోదరికి బదిలీ రూపమున వచ్చినది. అత్తగారు ఘన్‌పూరు విడిచి రానన్నారు. ఆమెకు ఎడమ మోకాలు నొప్పి. క్లచ్చి త్రొక్కుట తగ్గించుకొనుమని వైద్యుడు చెప్పెను. భవిష్యనిధినుండి తీసిన నాలుగు లక్షల రూపాయలు తప్ప వేరు ధనము లేదు. "సార్, కొత్తది కొనే స్తోమత లేదు. పాతది కొని మోసపోతే మళ్ళీ కొనే స్తోమత అసలే లేదు. మీరు తోడు రావాలె" అని ఆమె కోరగా, నాకు యంత్రములయందు గల ఆసక్తి నెరిగినవారగుటచేత సహోద్యోగులందరును నన్నే ముందుకు త్రోసిరి. రెండు నెలలపాటు హనుమకొండలోను, హైదరాబాదులోను బండ్లను చూచితిమి. ఆ తిరుగుడులో తేలిన సంగతులలో ఇతరులకును పనికివచ్చు వానిని ఇచట చెప్పెదను.

ముందుగా, గేరు లేని బండి యెందుకు? ఒకనాడు మిత్రుని కారులో పక్కసీటున కూర్చుండి, నారపల్లినుండి ఉప్పల్ వరకు గల ఆరు కిలోమీటర్లలో ఆయన ఎన్నిమారులు క్లచ్చి త్రొక్కెనో లెక్కించితిని. నూట నలుబది దాటిన తరువాత లెక్క మానితిని. ఆ దారిమీద 2018లో ఆరంభమైన ఎత్తువంతెన పనులు ఏండ్ల తరబడి సాగి, క్రింది త్రోవను గుంతలపాలు చేసిన సంగతి ఓరుగల్లు వైపు వారికి చెప్పనక్కరలేదు. ఇట్టి చోట ఎడమకాలు చేయు చాకిరిని యంత్రమున కప్పగించుట సోమరితనము గాదు. అయినను మన మగవారిలో ఒక వెర్రి యభిమానమున్నది: గేరు మార్చనివాడు డ్రైవరే కాడని. అది ముసలివారి బండియని, ఆడువారి బండియని ఎగతాళి. తిరుగలి విసరినదే పిండియగునని పట్టుబట్టి, పిండిగిర్నీకి పోనివారు నేడెవరైన నున్నారా?

మా ప్రాంతపు కథ యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. బమ్మెర మాకు దూరము గాదు. శ్రీనాథుడు పల్లకి యెక్కి పోతన్నను చూడవచ్చుచు, తన మహిమ చూపదలచి బోయీలను కొందరిని తొలగించెననియు, అయినను పల్లకి సాగెననియు, అది చూచి పోతన్న కుమారుడు ఎద్దును విప్పివేసినను నాగలి నడిచెననియు పెద్దలు చెప్పుదురు. చరిత్రకారు లొప్పుకొనకపోవచ్చును గాని, మోయువాడు లేకుండ బండి నడువవలెనను కోరిక మనకు క్రొత్తది కాదని యీ కథ తెలుపుచున్నది. బోయీ లేని పల్లకిని మెచ్చుకొన్న జాతి క్లచ్చి లేని కారును చూచి యేల నవ్వవలెను?

అయితే ఆటోమేటిక్ అన్న పేరు క్రింద నాలుగు వేర్వేరు యంత్రములు అమ్ముడు పోవుచున్నవి. పాతబండి కొనువాడు మొదట తెలిసికొనవలసినది ఇదే. అమ్మువారిలో సగముమందికి ఈ భేదము తెలియదు, తెలిసినవారు చెప్పరు.

అన్నిటికంటె పాతది టార్క్ కన్వర్టరు. ఎదురెదురుగా రెండు పంకాల నుంచి ఒకదానిని త్రిప్పినచో, ఆ గాలికి రెండవదియు తిరుగును గదా. గాలికి బదులు నూనె నుంచిన అదే టార్క్ కన్వర్టరు. ఇంజను ఒక చక్రమును త్రిప్పును, నూనె రెండవ చక్రమును త్రిప్పును. నడుమ రాచుకొను పలక లేదు గనుక బండి మెత్తగా కదలును. 1905లో జర్మనీ దేశీయుడు హెర్మన్ ఫెటింగర్ ఓడల కొరకై ఈ యుక్తికి హక్కుపత్రము పొందెను. కార్లలో పూర్తిగా తనంతట గేర్లు మార్చుకొను పెట్టెను పెద్దయెత్తున అమ్మినది అమెరికాలోని ఓల్డ్స్‌మొబీల్ వారు, 1939లో. అందును ఇట్టి నూనె జతయే యున్నది. మన దేశమున హ్యుండయ్ ఐ10, గ్రాండ్ ఐ10, మారుతి ఏ-స్టార్, రిట్జ్ కార్ల ఆటోమేటిక్ రకములలో నాలుగు గేర్లతోను, హోండా బ్రియోలో అయిదు గేర్లతోను ఈ పద్ధతియే యుండెను. పెట్రోలు కొంచె మెక్కువ త్రాగును. సకాలమున నూనె మార్చినచో దీర్ఘాయువు.

రెండవది సి.వి.టి. ఇందులో గేర్లు మెట్లవలె నుండవు. రెండు కప్పీల నడుమ బెల్టు. కప్పీలు విప్పారుచు, ముడుచుకొనుచు నుండగా వేగము మారుచుండును. గిర్నీలో బెల్టు చూచినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. 1958లో హాలెండు దేశపు డాఫ్ కారులో రబ్బరు బెల్టుతో వచ్చిన యీ పద్ధతి నేడు ఉక్కు బెల్టుతో నడుచుచున్నది. 2013 నాటి నిస్సాన్ మైక్రా, 2015 నాటి హోండా జాజ్, మారుతి బెలెనో కార్లలో దీనిని చూడవచ్చును. నగరమున దీనియంత సుఖమైనది లేదు. గట్టిగా త్రొక్కినపుడు మాత్రము శబ్దము ముందు, వేగము వెనుక.

మూడవది ఏ.ఎం.టి. పాతబండ్ల సంతలో నేడు చవుకగా దొరుకునవి చాలవరకు ఇవియే. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలేరియోతో మన దేశమున ఇది ప్రవేశించెను. ఇది నిజమునకు చేతిగేరు పెట్టెయే, క్లచ్చియు నున్నది. కాని దానిని త్రొక్కుటకు, గేరు మార్చుటకు ఒక చిన్న యంత్రము నమర్చినారు. అనగా మూతక్రింద కంటికి కానరాని డ్రైవరొకడు దాగియున్నాడు. చవుక, పెట్రోలు పొదుపు. గేరుకును గేరుకును నడుమ ఒక క్షణము ఊపిరి బిగబట్టినట్లు బండి ఆగును. ఎక్కినవారి తలలు ఔననుచున్నట్లు ముందుకు ఊగును. ఆల్టో కె10, వాగనార్, ఇగ్నిస్, క్విడ్, టియాగో, 2018 తరువాతి స్విఫ్ట్ ఈ వర్గములోనివే. ఎక్కుడు మీద బ్రేకు విడిచి యాక్సిలరేటరుతోనే బండిని నిలిపియుంచు అలవాటు గల యజమాని చేతిలో దీని క్లచ్చి త్వరగా కాలిపోవును. పాతది కొనునపుడు అది మన నెత్తిన పడును.

నాలుగవది రెండు క్లచ్చీల పెట్టె. బేసి గేర్లకొక క్లచ్చి, సరి గేర్లకొక క్లచ్చి. ఒకటి పనిచేయుచుండగా రెండవది సిద్ధముగా నుండును. 2013లో మన దేశమునకు వచ్చిన వోక్స్‌వ్యాగన్ పోలో జి.టి. టి.ఎస్.ఐ. ఈ జాతిది. 105 అశ్వశక్తుల ఇంజను, ఏడు గేర్లు. పదిక్షణములలోపున నూరు కిలోమీటర్ల వేగ మందుకొనునని కంపెనీవారి మాట. చిన్నకార్లలో దీనికి సాటి యరుదు. కాని ఆ సంవత్సరమే ఆ సంస్థవారు ఈ ఏడుగేర్ల పెట్టెలో నూనె మార్చుటకై లోకమంతట 16 లక్షల బండ్లను వెనుకకు పిలిపించుకొనవలసి వచ్చెను. వారంటీ దాటిన తరువాత దీని మెదడు చెడినచో, మరమ్మతు ఖర్చునకు పాత ఆల్టో ఒకటి రావచ్చును. యువకుల కన్ను దీనిమీదనే. నాలుగు లక్షలు తప్ప ఏమియు లేనివారు దీనిని కంటితో చూచి సంతోషించుట మేలు.

చిన్నదనమునకును ఒక చరిత్ర గలదు. 2006 నాటి కేంద్ర బడ్జెటులో నాలుగు మీటర్లకు మించని పొడవు, పెట్రోలుదైనచో 1200 సి.సి.కి మించని ఇంజను గల బండిని చిన్నకారుగా నిర్ణయించి సుంకము తగ్గించిరి. మన కార్లలో 1197, 1198, 1199 సి.సి. అను వింత యంకెలు కనబడుటకు కారణమిదే. పన్నుగీతకు ఒక వెంట్రుక యివతల నిలిచిన ఇంజను లవి. ఇక చురుకుదన మన్నచో కుర్రవాండ్ర పందెములు నా యుద్దేశము గాదు. పక్కత్రోవనుండి రహదారిలోనికి చేరునపుడు, వెనుకనుండి వచ్చు లారీకి ముందుగా తన వరుసలో కుదురుకొనుటకు రెండుమూడు క్షణముల బలము కావలెను. ఘట్‌కేసర్ దగ్గర ఆ బలములేని బండిలో ఇరుక్కున్నవారికి చురుకుదనము విలాసము గాదు, ప్రాణరక్షణము. దానికి పెద్ద ఇంజనుకంటె తక్కువ బరువు ముఖ్యము. బ్రియో ఆటోమేటిక్ బరువు టన్నునకు లోపే, శక్తి 88 అశ్వములు. ఇంచుమించు అంతే శక్తిగల బండి దానికంటె బరువైనదైనచో అంత చురుకుగా నుండదు. ఈ లెక్క కాగితముమీద చేసికొని పోయినవారిని అమ్మువాని మాటలు అంతగా కదలింపజాలవు.

ఇంతవరకు యంత్రము మాట. మమ్ము భయపెట్టినది మాత్రము యంత్రము గాదు, నీరు.

2020 అక్టోబరులో హైదరాబాదు మునిగినది. 2023 జులై చివర హనుమకొండ నయీంనగర్ నాలా పొంగి వీధులు చెరువులైనవి. మోరంచపల్లి యూరే నీటిపాలైనది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినది. ఈ ముంపులలో మునిగిన కార్లు ఏమైనవి? బీమావారు పూర్తినష్టముగా లెక్కగట్టి వేలము వేసినవి కొన్ని, బీమాయే లేనివి కొన్ని, కడిగి ఆరబెట్టి, సీటు బట్టలు మార్చి, అత్తరు చల్లి మరల సంతకు తెచ్చినవి కొన్ని. చేతిగేరు బండి మునిగినను కొంతకాలము ఈడ్చుకొని పోవును. ఆటోమేటిక్ బండికి మెదడు విద్యుత్తుతో పనిచేయు పెట్టె. అందు తేమ చేరినచో ఆరు నెలలు మంచిగా నడిచి, ఏడవ నెల చౌరస్తా నడుమ చచ్చిపోవును.

ఒకచోట మాకు నచ్చిన బండి దొరికినది. రంగు తళతళలాడుచున్నది, ధర తక్కువ, మీటరు ముప్పదివేలు దాటలేదు. మా వెంట వచ్చిన కాజీపేట మేస్త్రి ఇంజను వైపు చూడనేలేదు. ముందుసీటు బెల్టును చివరిదాక లాగి వేలితో తడిమెను. ఆ చివరిమూరలో సన్నని బురదగీత యున్నది. సీటు క్రింది పట్టాల తుప్పు చూచెను, హెడ్‌లైటు అద్దము లోపలి మసక చూచెను, కాలిక్రింది చాప లేవనెత్తి వాసన చూచెను. "మేడమ్, గిది ఈత కొట్టొచ్చిన బండి. దీన్ని కొంటే బండి కొన్నట్టు కాదు, చెర్ల పైసలేసినట్టు" అని లేచి చేతులు దులుపుకొనెను. సెంటు వాసన ఎంత ఎక్కువైన అంత అనుమానింపవలెనని ఆయన చెప్పిన మాట నేను చీటీమీద వ్రాసికొంటిని.

ఆయన పరీక్షాక్రమము మరికొంత చెప్పదగినది. బండిని ఉదయమే, ఇంజను చల్లగా నున్నపుడు చూడవలెను. ముందుగానే వేడిచేసి యుంచినచో కారణ మడుగవలెను. బ్రేకు త్రొక్కి గేరుకర్రను డి లోనికి, ఆర్ లోనికి మార్చి చూచినపుడు దెబ్బకొట్టినట్లు అదరరాదు. మీటరును నమ్మరాదు, బ్రేకు పెడలు రబ్బరును నమ్మవలెను. ముప్పదివేలు తిరిగిన బండికి రబ్బరు నున్నగా అరిగిపోదు. తరువాత ఆయన ప్రతి బండిని కాజీపేట రైలు వంతెన ఎక్కుడు మీదికి తీసికొనిపోయి, నడుమ నిలిపి, మరల కదలించెడివాడు. వెనుకనున్న ఆటోలవారు ఎంత అరచినను లెక్కపెట్టలేదు. ఏ.ఎం.టి. బండి యొకటి అచట కాలిన వాసనతో వణకి, వెనుకకు జారి, తన కథ తానే చెప్పుకొన్నది.

కాగితముల సంగతి ఇంకొకటి. మా గణితోపన్యాసకుడు 2021లో తన పాతకారును ఒక వ్యాపారికి అమ్మి, ధనము పుచ్చుకొని, సంతకములు చేసియిచ్చి నిశ్చింతగా నుండెను. ఆ వ్యాపారి పేరు మార్పించకయే మరియొకనికి, అతడింకొకనికి అమ్మిరి. ఏడాది తరువాత తానెన్నడును చూడని వీధులలో సిగ్నలు దాటిన ఫొటోలతో చలానులు ఆయన ఫోనునకు వచ్చినవి. అంతటితో పోయినది, ఆయన యదృష్టము. ఆ బండి ఎవరినైన గుద్దియున్నచో? 2018లో నవీన్‌కుమార్, విజయ్‌కుమార్‌ల వ్యాజ్యమున సుప్రీముకోర్టు చెప్పినది సుస్పష్టము: బండి ఎన్ని చేతులు మారినను, రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే చట్టమునకు యజమాని, నష్టపరిహారమునకు బాధ్యుడు. మోటారు వాహనముల చట్టము 50వ విభాగము ప్రకారము, రాష్ట్రములోపలి బదిలీ యైనచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను తెలియజేయవలెను. బీమా బదిలీకి 157వ విభాగము 14 దినములే యిచ్చినది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన నియమముల క్రింద, అధికారపత్రము పొందిన వ్యాపారికి బండి నప్పగించి ఆ సంగతి రవాణాశాఖకు తెలిపినచో, బాధ్యత యతనిదే యగును. పత్రము లేని వ్యాపారికి తాళములిచ్చుట ప్రమాదమే. అమ్మినవారికే యింత చిక్కున్నపుడు కొనువారు ఊరకుండరాదు గదా. 29, 30 ఫారములతోబాటు, అప్పుమీద కొన్న బండియైనచో అప్పు తీరినట్లు 35వ ఫారము చేతికి వచ్చినదాక పూర్తి ధనమీయరాదు. చాసిస్ నంబరును బండిమీద చూచి ఆర్.సి.తో అక్షరమక్షరము పోల్చుకొనవలెను. పరిష్కర్త తాళపత్రమును పోల్చునంత ఓపికతో.

ఢిల్లీ బండ్ల మాటయు చెప్పవలెను. అచట పదేండ్లు దాటిన డీజిలు బండ్లకు, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లకు కోర్టుల నిషేధాజ్ఞలు వచ్చిన నాటినుండి, గడువు దగ్గరపడిన కార్లు దక్షిణమునకు చవుకగా దిగుచున్నవి. ధర చూచి మోజుపడిన వారు ఇచటి జీవితపన్ను, అచటి నిరభ్యంతర పత్రము, నంబరు మార్పు అన్నియు కలిపి లెక్కవేసినచో చవుక చాలవరకు కరగిపోవును.

ఇక కొనుటకు తగిన సమయము. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినది. క్రొత్తదాని ధర తగ్గినపుడు పాతదాని ధరయు దిగవలెను గదా. వ్యాపారులు మాత్రము వెనుకటి ధరలనే పట్టుకొని వ్రేలాడుచుందురు. మా సోదరి యీ యొక్క మాట మీదనే గట్టిగా నిలిచి ఇరువదియైదువేలు తగ్గించినది. నాకు ఛందస్సులో గణములు లెక్కించుటయే వచ్చును. ఆమె బేరము చూచిన తరువాత వృక్షశాస్త్రమున ఇదియు బోధింతురా యని అడిగితిని.

చివరకామె కొన్నది 2016 నాటి హోండా బ్రియో ఆటోమేటిక్. ఒక్క యజమాని, నలుబదియెనిమిదివేల కిలోమీటర్లు, సర్వీసు చీటీలన్నియు వరుసగా నున్నవి. దాని తయారీ 2019 నాటికే నిలిచిపోయినది గదా, విడిభాగముల మాటేమని నేను సందేహించితిని. అదే యింజను అమేజ్‌లోను, జాజ్‌లోను ఉన్నదనియు, వాని భాగములే చాలవరకు పనికివచ్చుననియు మేస్త్రి చెప్పెను. వెనుక తలుపంతయు అద్దమే గనుక దానిని కాపాడుకొనవలె నన్నది ఒక్కటే ఆయన హెచ్చరిక. సామాను చోటు బహు స్వల్పము. బియ్యపు బస్తా ఒకటి పట్టిన పచ్చడి జాడీ ఒడిలో పెట్టుకొనవలెను. పెట్రోలు విషయమున ఏ.ఎం.టి. వారి ముందు ఈ బండి తల యెత్తలేదు. నగరములో లీటరునకు పది, పదకొండు కిలోమీటర్లే వచ్చుచున్నవని ఆమె చెప్పుచున్నది. మెత్తదనమునకును, చురుకుదనమునకును ఆ మాత్రము చెల్లింపవలసినదే యని నా యభిప్రాయము. నెలకు ఆరేడు వందల కిలోమీటర్లు తిరుగువారికి ఆ భేదము మోకాలి మాత్రల ఖర్చునకు మించదు.

మొదటివారము ఆమె ఎడమకాలు అలవాటు చొప్పున లేని క్లచ్చిని వెదకి, వెడల్పాటి బ్రేకును త్రొక్కి రెండుమార్లు బండిని గుద్దినట్లు నిలిపినదట. మేస్త్రి సలహామీద ఎడమ చెప్పు విడిచి, కాలు మడిచి సీటువైపు పెట్టుకొని నాలుగుదినములు నడిపినది. పేరుమారిన ఆర్.సి. కార్డు తపాలాలో మూడు వారములకు వచ్చినది. బీమా అంతకుముందే మారినది. పాత యజమానికి గల నో క్లెయిము తగ్గింపు బండితో రాదు గనుక, పదునాలుగువందల రూపాయ లదనముగా కట్టవలసి వచ్చెను. ఇప్పుడామె ప్రతి శనివారము కోమళ్ల టోలుగేటు దాటి, చీకటి పడకముందే ఘన్‌పూరు చేరుచున్నది. అత్తగారు ఇంకను ఆ బండి ఎక్కలేదు, గేరు కర్ర కదలింపని కోడలిని చూచి, "నడిపేటోళ్ళు లేకుంట అదెట్ల పోతున్నదే?" అని మాత్రము అడుగుచున్నారట.